సగం సందుతోనే ముప్పు: మిషన్ల మధ్య జాగాపై మీ ప్రశ్నలు

మిషనుకూ మిషనుకూ, మిషనుకూ గోడకూ మధ్య ఎంత జాగా వదలాలి? ఈసారి తీసుకున్న ప్రశ్నలన్నీ దీని చుట్టూ తిరిగేవే. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

తాడిపత్రి నుంచి: మాది నాపబండల కటింగ్, పాలిష్ యూనిట్. షెడ్డు వెడల్పు 40 అడుగులు, పొడుగు 80. పట్టాల మీద ముందుకీ వెనక్కీ పోయే బల్ల ఉన్న కటింగ్ మిషను ఒకటి ఉంది. బల్ల 8 అడుగులు. అలాంటిదే ఇంకోటి కొంటున్నాం. రెండింటినీ షెడ్డు వెడల్పు వైపు కొసకు కొస పెట్టి, గోడకు అడుగున్నర వదిలితే చాలని ఫిట్టరు అంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అయితే మీ ఫిట్టరు చెప్పిన అడుగున్నర గాల్లోంచి పుట్టింది కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 25వ సెక్షన్‌లో అదే కొలత ఉండేది, 45 సెంటీమీటర్లు. మనుషులు తిరిగే చోట, తనంతట తాను ముందుకూ వెనక్కూ కదిలే మిషను భాగం ఏ గోడకూ, స్తంభానికీ అంతకన్నా దగ్గరికి రాకూడదని దాని అర్థం. చాలామంది పొరబడేది ఆ కొలత ఎక్కడి నుంచి మొదలవుతుందన్న దగ్గరే. మిషను ఆగి ఉన్నప్పుడు దాని ఒంటి నుంచి కొలవకూడదు. బల్ల చివరిదాకా పోయి నిలబడ్డ చోటు నుంచి కొలవాలి. బల్ల మీద ఉన్న సరుకును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ సెక్షనే చెప్పేది. అంటే బల్ల అంచు దాటి బయటికి పొడుచుకొచ్చిన బండ కొస నుంచి 45 సెంటీమీటర్లు.

మీ షెడ్డుకు లెక్క వేద్దాం. బల్ల మొత్తం బ్లేడు కింద నుంచి పోవాలంటే 8 అడుగుల బల్ల ఇంకో 8 అడుగులు కదలాలి. అంటే 16 అడుగులు. బండ రెండు వైపులా అరడుగు చొప్పున బయటికి ఉంటే 17. రెండు మిషన్లు కొసకు కొస పెడితే 34 అడుగులు వాటి ఊపుకే పోతాయి. 40లో మిగిలేది 6. రెండు గోడల వైపు మూడేసి అడుగులు వదిలితే మధ్యలో సున్నా. రెండు బల్లలూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి ముద్దు పెట్టుకునే చోట హెల్పరు ఉంటాడు. ఫిట్టరు చెప్పినట్టు గోడలకు అడుగున్నర చొప్పునే వదిలినా మధ్యలో వచ్చేది మూడడుగులు. గోడ వైపు ఇరుకు అలాగే ఉంటుంది.

అదే వరసను షెడ్డు పొడుగు వైపు తిప్పండి. 17, 17, మధ్యలో 3, రెండు కొసల్లో 3 చొప్పున, మొత్తం 43 అడుగులు. 80లో ఇంకా 37 అడుగులు పాలిష్ మిషనుకూ బండల నిల్వకూ మిగులుతాయి. షెడ్డు పెంచక్కర్లేదు, ఒక్క గజం కూడా కొనక్కర్లేదు.

మూడడుగులే ఎందుకని అడగొచ్చు. యంత్రాల మధ్య మనిషి ఒళ్లు నలగకుండా ఉండాలంటే కనీసం 50 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఎస్ఓ 13854 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. తలకు 30, కాలికి 18, చేతికి 12, పిడికిలికి 10, వేలికి 2.5 సెంటీమీటర్లు. ఇవి నలగకుండా ఉండే కొలతలే తప్ప నడిచే కొలతలు కావు. 50 సెంటీమీటర్ల సందులో చేతిలో పానా పట్టుకుని, తడి నేల మీద, ప్లాస్టిక్ చెప్పులతో ఉన్న మనిషి వెనక్కి తిరగలేడు. మనిషి మామూలుగా నడవాలంటే 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు కావాలి.

అందుకే ఎవరు అడిగినా మేము చెప్పే మాట ఒకటే. సందు వదిలితే మనిషి నడిచేంత వదలండి. అంత జాగా లేకపోతే మనిషి దూరలేకుండా రెండు కొసలా మూసేయండి. మధ్యరకం సందే, అంటే సగం సందే ప్రాణం తీస్తుంది. అరడుగు సందులోకి ఎవరూ పోలేరు. మూడడుగుల సందులోకి పోయినవాడు బయటపడతాడు. ఒకటి ఒకటిన్నర అడుగుల సందులోకి మనిషి పక్కకు తిరిగి జారగలడు. బురద గీకడానికో, కింద పడిన బోల్టు తీసుకోవడానికో పోతాడు. అప్పుడే అటు పక్కనున్న ఆపరేటరు బల్లను వెనక్కి నడుపుతాడు. అతనికి ఇతను కనబడడు, బ్లేడు మోతలో కేక వినబడదు.

మిషను దింపే ముందు నేల మీద గీత గీసి చూడండి. ఒక పూట పని. ఇప్పుడున్న మిషను మీదే మొదలుపెట్టండి. మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి. మీ దగ్గర కోసే బండల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని బల్ల మీద ఎక్కించి, చేత్తో ఒక కొసకు తోయండి. బండ అంచు నుంచి దారానికి కట్టిన తూకంగుండు వదిలి అది నేలను తాకిన చోట గుర్తు పెట్టండి. రెండో కొసలోనూ అలాగే. ఆ గుర్తులు కలిపితే వచ్చేది మిషను అసలు పొడుగు. కేటలాగులో రాసిన పొడుగు కాదు. దానికి బయట మూడడుగుల దూరంలో రెండో గీత. తర్వాత ప్యానల్ తలుపులు, బెల్టు గార్డు మూత అన్నీ పూర్తిగా తెరిచి అవి తిరిగే మేర గీయండి. బ్లేడు షాఫ్టు రిపేరుకు బయటికి లాగాల్సి వస్తే ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని, దాని పొడుగంత ఖాళీ ఆ వైపు ఉంచండి. ఇది మరిచిపోయి గోడకు కన్నం కొట్టి షాఫ్టు లాగిన యూనిట్లు ఉన్నాయి. చివరగా ఆపరేటరును నిలబెట్టి, వంగి బండ ఎత్తమనండి. అతని వీపు ఎక్కడికి వస్తుందో అక్కడ ఇంకో గుర్తు. ఇవే కొలతలు కొత్త మిషను పెట్టే చోట కూడా గీసి, మీ మనుషులను ఆ గీతల మధ్య బండ మోసుకుంటూ నడవమనండి. ఎక్కడ ఇరుకో వాళ్లే చెబుతారు.

2×3 అడుగుల నాపబండ ఒకటింబావు అంగుళం మందముంటే దాదాపు 45 కిలోలు. ఇద్దరు మోసుకుపోయే దారి నాలుగడుగులకు తగ్గకూడదు. ఆ దారి ఆపరేటరు నిలబడే మూడడుగుల్లోంచి పోకూడదు, దాని వెనక నుంచి పోవాలి.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పాలి. తాడిపత్రిలో గ్రానైటు కూడా చేసే యూనిట్లు చాలా ఉన్నాయి. 3×2 మీటర్ల గ్రానైటు పలక 18 మిల్లీమీటర్ల మందానికే 290 కిలోల దాకా తూగుతుంది. పది పలకలు ఆనించిన స్టాండు మీద దాదాపు మూడు టన్నులు. రెండు మీటర్ల ఎత్తు పలక పడితే రెండు మీటర్ల దూరం దాకా పడుతుంది. కాబట్టి ఆ మేరలో మిషనుగానీ, నడిచే దారిగానీ, టీ తాగే బెంచీగానీ ఉండకూడదు. స్టాండుకు రెండు వైపులా సమానంగా ఎక్కించాలి, సమానంగా దించాలి. ఒక వైపే దించుతూ పోతే స్టాండు మొత్తం రెండో వైపుకు ఒరుగుతుంది. రెండు స్టాండ్ల మధ్య సందులో నిలబడి ఎవరూ పలక పట్టుకోకూడదు. 290 కిలోలు కదలడం మొదలయ్యాక చేతులతో ఆపగలిగేవాడు లేడు.

ఎమర్జెన్సీ స్టాపు బటను ఆపరేటరు వైపు ఒకటి, అవతలి వైపు ఒకటి పెట్టించండి. నేలంతా నీళ్లే కాబట్టి కేబుళ్లు పైనుంచే రావాలి. చేతి గ్రైండర్ల లైనుకు 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ బ్రేకరు తప్పనిసరి.

ప్రొద్దుటూరు నుంచి: మా నూనె మిల్లులో ప్యానల్ బోర్డుకూ వెనక గోడకూ మధ్య ఒకటిన్నర అడుగు ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన ఇంకా దగ్గరికైనా జరపండి, లేదా దూరమైనా జరపండి అన్నాడు. దగ్గరికి జరిపితే భద్రం ఎలా అవుతుంది?

జవాబు: ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 1956 విద్యుత్ నిబంధనల నుంచి వస్తున్న లెక్క అది. 2010 కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనూ అది కొనసాగింది. బోర్డు వెనక బయటికి కనబడే కనెక్షన్లు ఉంటే, ఆ ఖాళీ 20 సెంటీమీటర్ల కన్నా తక్కువైనా ఉండాలి, 75 కన్నా ఎక్కువైనా ఉండాలి. 20 లోపు అయితే లోపలికి మనిషే పోడు. 75 దాటితే పోయినవాడు ఒంటికి ఏమీ తగలకుండా పని చేసుకుని రాగలడు. మీ 45 సెంటీమీటర్లలో మోచేయి వెనక్కి పోతే గోడ, ముందుకు పోతే కరెంటు పారే లోహపు పట్టీ (బస్‌బార్). పై జవాబులో చెప్పిన సగం సందు ఇదే. కొలత బోర్డు రేకు నుంచి కాదు, వెనక అన్నిటికన్నా బయటికి పొడుచుకొచ్చిన భాగం నుంచి. 75 దాటిస్తే ఆ దారి 1.8 మీటర్ల ఎత్తు దాకా అడ్డం లేకుండా ఉండాలి. బోర్డు ముందు ఒక మీటరు ఖాళీ ఎలాగూ ఉండాలి. గానుగపిండి బస్తాలు అక్కడ వేయించకండి.

ఆదోని నుంచి ఒక సోదరి: నేను పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. జిన్నుల కింద షాఫ్టు తిరిగే సందులో పత్తిగింజలు, దూదిపీచు చిమ్మాలి. మిషను ఆపితే సమయం వేస్టని తిరుగుతుండగానే పొమ్మంటారు. కొంగు చిక్కుకుంటుందేమోనని భయంగా ఉంది. షాఫ్టుకు ఎంత దూరంలో ఉంటే మంచిది?

జవాబు: అమ్మా, తిరిగే షాఫ్టు ఉన్న సందులో మంచి దూరం అంటూ ఏదీ లేదు. మీ భయం సరైనది.

షాఫ్టు నున్నగా ఉంది, ఏం పట్టుకుంటుందిలే అంటారు. రెండంగుళాల షాఫ్టు చుట్టుకొలత ఆరంగుళాల పైచిలుకు. నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు 5 చుట్లు. అంటే కొంగు కొస ఒక్కసారి దాని మీద అతుక్కుందంటే, సెకను గడిచేసరికి రెండున్నర అడుగుల గుడ్డ చుట్టేసుకుంటుంది. గుడ్డ చుట్టుకునే కొద్దీ లావెక్కి ఇంకా వేగంగా లాగుతుంది. చెయ్యి పెట్టి లాక్కుందామన్న ఆలోచన వచ్చేలోపే చెయ్యి కూడా లోపలికి పోతుంది. షాఫ్టు మీద నూనె, పీచు కలిసి జిగురుగా పేరుకుంటాయి. షాఫ్టుకు బిగించిన కడియం (కాలర్) దగ్గర చిన్న స్క్రూ తల బయటికి ఉంటే ఇక చెప్పేదేముంది!

జిన్నింగ్ ఫ్యాక్టరీల్లో జిన్నులను తిప్పే పొడుగు షాఫ్టు (లైన్‌షాఫ్టు) చుట్టూ గోడగానీ, ఎక్కలేనంత కంచెగానీ కట్టాలని, గింజలు తీయడానికీ నూనె వేయడానికీ అవసరమైనన్ని తలుపులే పెట్టి వాటికి తాళం వేసి ఉంచాలని ఫ్యాక్టరీల నిబంధనల్లో ప్రత్యేకంగా రాశారు. అంటే మీరు చెప్పిన సందు మూసి ఉండాల్సిన సందు. కదిలే మిషనును మహిళలతో తుడిపించడం, నూనె వేయించడం 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ నిషేధించింది. మగవాళ్లకైనా ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు యజమానే ఇచ్చి, పేరు రిజిస్టరులో రాసుకున్నాకే పంపాలని షరతు పెట్టింది.

చిమ్మే పద్ధతి ఇలా ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు మోటారు ఆపాలి. కరెంటు పూర్తిగా తెంచే స్విచ్‌కు (ఐసోలేటరుకు) తాళం వేసి, తాళంచెవి లోపలికి పోయే మనిషి దగ్గరే ఉంచాలి, మేస్త్రీ దగ్గర కాదు. మోటారు ఆగినా షాఫ్టు వెంటనే ఆగదు. పెద్ద పుల్లీలు ఊపు మీద ఇంకా తిరుగుతూనే ఉంటాయి. పుల్లీ మీద సుద్దగీత కంటికి కదలకుండా కనబడేదాకా తలుపు తీయకూడదు. లోపలి వాళ్లు బయటికి వచ్చి లెక్క సరిపోయాకే తాళం తీయాలి. కొంగు నడుముకు చుట్టి లోపలికి దోపుకోండి, పైన బిగుతు కోటు, తలకు గుడ్డ టోపీ పెట్టుకోండి. బయట మామూలు పనిలో ఉన్నప్పుడూ ఇవి ఉండాల్సిందే.

జిన్నుల రెండు వరసల మధ్య మనుషులు ఎదురెదురుగా పత్తి మోసుకుంటూ తిరిగేచోట నాలుగడుగులకు తక్కువ ఉంటే ఒకరు తప్పుకోవడానికి మిషను మీదకు ఒరుగుతారు. అక్కడ పత్తి కుప్ప పోస్తే ఆ నాలుగడుగులు రెండవుతాయి. పైగా పత్తితో పాటు వచ్చే రాయి, ఇనుపముక్క రోలర్లలో పడి నిప్పురవ్వ రేగితే ఆ కుప్పే అంటుకుంటుంది. పీచు పేరుకున్న బేరింగు వేడెక్కినా అంతే. కుప్పలు మిషన్ల గదిలో ఉండకూడదు, తలుపుకు పోయే దారిలో అసలే ఉండకూడదు.

యజమాని వినకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాయండి. ఫిర్యాదు ఎవరిచ్చారో బయటపెట్టకూడదని 1987లో ఆ చట్టానికి 118ఏ సెక్షన్ చేర్చారు. మీ పేరు బయటపెట్టొద్దని ఉత్తరంలోనే రాయండి.

రాయదుర్గం నుంచి: జీన్స్ కుట్టే యూనిట్ పెడుతున్నాం. హాలు 25×50 అడుగులు, ఎత్తు 11. ఇందులో 40 మిషన్లు పడతాయని సప్లయరు లేఅవుట్ గీసి ఇచ్చాడు. గీత మీద పడుతున్నాయి కూడా. పెట్టొచ్చా?

జవాబు: నేల మీద పడతాయి, గాలికి పడవు. ఒక్కో మనిషికి 14.2 ఘనమీటర్ల జాగా ఉండాలని 1948 చట్టం 16వ సెక్షన్‌లో ఉండేది. మన అడుగుల్లో 500 ఘనపుటడుగులు అనుకోండి. 25ను 50తో, 11తో హెచ్చిస్తే 13,750. దాన్ని 500తో భాగిస్తే 27 మంది. హెల్పర్లు, కటింగ్ మాస్టరు, సూపర్‌వైజరు అందరూ కలిసి 27. పైకప్పు ఎత్తు పెంచి లెక్క సరిచేద్దామంటే 4.2 మీటర్ల పైన ఉన్న ఎత్తు లెక్కలోకి రాదని కూడా ఆ సెక్షన్‌లో ఉండేది.

కాబట్టి 24 మిషన్లు, ముగ్గురు ఇతరులు. మూడు వరసలు, వరసకు 8. కుట్టు బల్ల 4 అడుగుల వెడల్పు కాబట్టి మూడు వరసలకు 12 అడుగులు పోతాయి. మిగిలిన 13లో గోడల పక్కన రెండున్నర చొప్పున, వరసల మధ్య నాలుగు చొప్పున వదలండి. ముందూ వెనకా బల్లకూ కుర్చీకీ కలిపి నాలుగడుగులు చాలు. అంటే 8 మిషన్లకు 32 అడుగులు. మిగిలే 18 అడుగుల్లో కటింగ్ బల్ల, ఇస్త్రీ, బండిళ్లు. ఇస్త్రీ తలుపు దగ్గర పెట్టకండి. మంట పుట్టే చోటూ బయటపడే చోటూ ఒకటి కాకూడదు.

తలుపులు రెండు, ఎదురెదురు గోడలకు. ఒక్కోటి మీటరు వెడల్పుకు తగ్గకుండా, బయటికి తెరుచుకునేలా. దొంగతనం భయంతో పని వేళల్లో ఒకదానికి తాళం వేసే అలవాటు చాలాచోట్ల ఉంది, అది వెంటనే మానాలి. ఇంకో విషయం, నాలుగడుగుల దారిని నెల తిరగకుండానే జీన్స్ కట్టలు మింగేస్తాయి. దారికి రెండు వైపులా మూడంగుళాల పసుపు గీత వేయించి, ప్రతి బల్ల పక్కనా కట్టలకు ఒక బుట్ట ఇవ్వండి. పెట్టుకోవడానికి చోటు చూపకుండా దారిలో పెట్టొద్దంటే ఎవరూ వినలేరు.

కడప నుంచి: పిండిమరలో బెల్టుకు జాలీ గార్డు చేయించాం. జాలీ కన్ను రెండంగుళాలు. బెల్టుకు మూడంగుళాల దూరంలో ఉంది. గాలి బాగా ఆడుతోంది. బాగానే ఉందా?

జవాబు: ఆ కన్నులోంచి చెయ్యి భుజందాకా పోతుంది. జాలీ కన్ను పెద్దదయ్యే కొద్దీ బెల్టు ఇంకా దూరంగా ఉండాలి. పెద్దవాళ్లకు ఐఎస్ఓ 13857 లెక్క ఇది. చదరపు కన్ను 10 మిల్లీమీటర్లయితే 2.5 సెంటీమీటర్ల దూరం చాలు. 12 అయితే 8. అంగుళం, అంటే 25 అయితే 12 సెంటీమీటర్లు. 40 దాటితే ఏకంగా 85 సెంటీమీటర్లు, ఎందుకంటే అక్కడ భుజందాకా చెయ్యి దూరుతుంది. మీ జాలీని మూడంగుళాల్లోనే ఉంచాలంటే 10 మిల్లీమీటర్ల కన్ను ఉన్న వెల్డెడ్ జాలీ వేయించండి. వేడికి అదీ సరిపడా గాలినిస్తుంది. పిండి విసిరించుకోవడానికి వచ్చేవాళ్ల వెంట పిల్లలుంటారు. వాళ్ల చేతులు సన్నం, పై కొలతలు వాళ్లకు వర్తించవు. కాబట్టి జాలీకి అవతల నడుమెత్తు అడ్డగోడ కూడా కట్టించి, గిరాకీని దాని ఇవతలే ఆపండి.

అనంతపురం నుంచి: లేత్ షాపులో రెండు లేత్‌లు ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో ఐదడుగులు. ఇద్దరు పనివాళ్లూ వీపుకు వీపు చేసి నిలబడతారు. ఇంకేం మార్చాలి?

జవాబు: ఐదడుగుల్లో ఇద్దరు వంగితే వీపులు తాకుతాయి, ఆరుకు పెంచండి. కోతలో వచ్చే ఇనుప చిప్పులు అవతలివాడి మీదకు ఎగరకుండా రెండు మిషన్లకూ రేకు తెర పెట్టండి, లేదా రెండింటినీ కొంచెం ఏటవాలుగా తిప్పండి.

హెడ్‌స్టాకు (లేత్‌లో కడ్డీని తిప్పే తల భాగం) వెనక నుంచి బయటికి వచ్చే కడ్డీ గురించి మీరు రాయలేదు. బోరుపంపు షాఫ్టుల్లాంటి పొడుగు పనులు చేసేవాళ్లంతా చూసుకోవాల్సింది అదే. కడ్డీని బిగించి పట్టే చక్కు తిరిగేటప్పుడు వెనక ఆధారం లేకుండా వేలాడే కడ్డీ మొదట కొంచెం ఊగుతుంది. వేగం పెంచగానే ఒక్కసారిగా వంకీ తిరిగి, కొరడాలా పక్కనున్నదాన్ని కొడుతుంది. కడ్డీ సన్నగా, పొడుగ్గా ఉన్నకొద్దీ తక్కువ వేగానికే ఇది జరుగుతుంది. అందుకే బయటికి వచ్చిన కడ్డీ మొత్తం, కొస దాటి ఇంకా కొంచెం, నేలకు బిగించిన స్టాండు మీద నిలబెట్టిన పైపులోంచి పోవాలి. పైపు లోపల కడ్డీకి మరీ వదులు ఉండకూడదు. ఆ వైపు నడిచే దారి ఉంటే దారినే మార్చండి. కడ్డీ మరీ పొడుగైతే ముందే కోసి బిగించడం మేలు. కోతకు పది నిమిషాలు పడుతుంది.